నస్రీన్ మేడం రాసిన ట్యాగులు

మక్క విత్తనాల సంచులు దిగే కాలం వచ్చిందంటే సిద్దిపేటలో ఆ వీధి గుండా నడవడం నాకు ఇప్పటికీ కష్టమే. మొన్న పొద్దున ఒక దుకాణం ముందు ఆటోలోంచి సంచులు దింపుతుంటే ఒకదాని కుట్టు విడిపోయి, గులాబీరంగు మందు పట్టించిన గింజలు మెట్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. వాటితోపాటే ఆ వాసన లేచింది. ఘాటుగా, ఎక్కడో కొంచెం తియ్యగా, గొంతు వెనక పట్టుకుని ఓ పట్టాన వదలని వాసన. నేను రైతుబిడ్డను. ఆ వాసనకు నాకు గుర్తు రావలసింది మా చేను, సాళ్ల వెంట వంగి గింజలు వేసే మా అవ్వ. అవేవీ గుర్తు రావు. ఒక ఇరుకు మెట్లదారి, దాని పైన రెండు గదుల ఆఫీసు, కిటికీ పక్కన కూర్చుని కళ్లు చిట్లించి స్క్రీన్ వైపు చూసే నస్రీన్ మేడం గుర్తుకొస్తారు. నోరంతా చేదవుతుంది.

మా ఆఫీసు అలాంటి ఒక విత్తనాల దుకాణం పైన ఉండేది. జిల్లాలోని ప్రైవేటు దవాఖానలకు, కాలేజీలకు, కొన్ని వ్యాపార సంస్థలకు కంప్యూటర్లో నడిచే అప్లికేషన్లు తయారుచేసి ఇచ్చేవాళ్లం. యజమాని మురళీధర్ సార్ తెల్లటి చొక్కా, మెత్తటి మాట ఉన్న మనిషి. పని తెచ్చేది ఆయన, చేయించేది నస్రీన్ మేడం. మేడంది సిద్దిపేటే. తండ్రి దర్జీ. హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్లు చేసి, తల్లి జబ్బు పడితే తిరిగి వచ్చారు. తల్లి పోయాక మళ్లీ వెళ్లలేదు. అన్న ఇంట్లో పై గదిలో ఉండేవారు. నలభై దాటిన వయసు, సన్నటి మనిషి, భుజం దగ్గర పిన్నుతో బిగించిన నూలు దుపట్టా. నవ్వు తక్కువ. మెచ్చుకోవడం దాదాపు లేదు.

నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం ఆ మెట్లెక్కిన రోజు ఆమె నా సర్టిఫికెట్ల కవరు తెరవనే లేదు. ఒక వెబ్ పేజీ కోడ్ ముందు కూర్చోబెట్టి, మధ్యలో ఒక ముక్క చూపించి అది ఏమిటని అడిగారు. అది జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక క్లాసు. కాలేజీలో సార్లు చెప్పినదే నేనూ చెప్పబోయాను.

"అది ఒక డబ్బా లాంటిది మేడం. అందులో..."

"డబ్బా లాంటిదా? డబ్బానా?"

"డబ్బా కాదు మేడం. లాంటిది."

"పోలికలు చెప్పి తప్పించుకోకు. అది ఏం చేస్తదో గది చెప్పు."

నేను కాసేపు చూసి, తెల్వదు మేడం అన్నాను. ఉద్యోగం పోయిందనుకుని కవరు తీసుకుంటున్నాను.

"గిది మంచి జవాబు. రేపు పొద్దుగాల రా," అన్నారు. మళ్లీ స్క్రీన్ వైపు తిరిగిపోయారు.

ఆమె దగ్గర నేర్చుకోవడం అంటే ప్రతిరోజూ కొంచెం సిగ్గుపడటం. మొదట్లో ఒక దవాఖాన అప్లికేషన్ నాకు అప్పగించారు. అందులో తేదీ వచ్చే ప్రతి పేజీలోనూ నెల ముందు, రోజు వెనక వస్తోందని, దానివల్ల పుట్టినరోజులు తారుమారవుతున్నాయని వాళ్లు గొడవ పెట్టారు. నేను ఒక్కో పేజీ తెరిచి, తేదీ రాసిన చోటు వెతికి, సరిచేస్తూ పోయాను. అంతా అయిందని గర్వంగా చెప్పాను. మరునాడు దవాఖాన నుంచి ఫోన్. మందుల బిల్లులో తేదీ ఇంకా పాత పద్ధతిలోనే వస్తోంది. ఆ పేజీ నేను మరిచిపోయాను.

మేడం తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. జావాలో వెబ్ పేజీలు రాసేవాళ్లు తమకు కావలసిన ట్యాగులు తామే తయారుచేసుకోవచ్చని అప్పుడే మొదటిసారి చేసి చూపించారు. తేదీని ఎలా తీసుకోవాలి, ఎలా చూపించాలి, తప్పుంటే ఏం చెప్పాలి, ఈ పనంతా ఒక్కచోట రాసి దానికి ఒక పేరు పెట్టడం. ఆ తర్వాత తేదీ కావలసిన ఏ పేజీలోనైనా ఆ పేరు రాస్తే చాలు. రేపు పద్ధతి మార్చాలంటే ఆ ఒక్కచోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారిపోతుంది. వినడానికి చిన్న సంగతి. కానీ అప్పటిదాకా ఒకే పనిని పేజీ పేజీకీ అచ్చు గుద్దినట్టు మళ్లీ మళ్లీ రాయడమే కష్టపడి పనిచేయడం అనుకుంటున్న నాకు, చీకటి గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టయింది. ఈ మాట ఆమెతో అంటే పోలిక చెప్పావని కసిరేవారు.

అయితే ట్యాగు తయారుచేయడం ఒకటి, అందరికీ పనికొచ్చేలా తయారుచేయడం మరొకటి. ఆ తేడా నాకు తెలిసిన రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. రోగి వివరాలు చూపించే ట్యాగు నా అంతట నేను రాశాను. దవాఖాన బోర్డు మీదున్న ఆకుపచ్చ రంగు, వాళ్ల విభాగాల పేర్లు, రశీదు కింద వచ్చే వాక్యం, అన్నీ అందులో పెట్టేశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. మేడం పైనుంచి కిందిదాకా చదివారు.

"గిది ఎవలి ట్యాగు?"

"దవాఖానది మేడం."

"రేపు కాలేజోళ్లు పిల్లల వివరాలు గిట్లనే చూపియ్యాలె అంటె?"

"అప్పుడు ఇంకోటి రాస్త మేడం."

"మళ్ల పాత కథనే గద." ఒక్క మీట నొక్కి నేను రాసినదంతా తీసేశారు. నాలుగు రోజుల పని. "ట్యాగుకు తను ఏ ఇంట్ల ఉన్నదో తెల్వొద్దు. రంగేందో, పేర్లేందో పిలిచినోళ్లే చెప్పాలె. చెప్పకుంటె తనే ఒకటి అనుకోని పని చేస్కోవాలె. ఇంకో మాట. నీ మొఖం ఎన్నడు చూడని పిల్ల ఒకతి రేపు దీన్ని వాడ్తది. ఆ పిల్ల నీకు ఫోన్ చేసి అడగొద్దు. గట్ల రాయి."

నేను బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను. కింద దుకాణంలోంచి మందు వాసన, కళ్లలో నీళ్లు. కొంతసేపటికి తలుపు దగ్గర ఆమె గొంతు వినిపించింది.

"ఏడ్చుడు అయినంక రా. మళ్ల రాద్దాం."

ఓదార్పు అనుకుంటే ఓదార్పు. అంతకుమించి ఆమె దగ్గర దొరికేది కాదు. కానీ ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, ట్యాగుకు బయటి నుంచి ఏ వివరాలు ఇవ్వాలి, ఏవి అక్కర్లేదు, పిలిచినవాళ్లు ఏదైనా ఇవ్వడం మరిచిపోతే స్క్రీన్ నిండా అర్థంకాని అక్షరాలు కక్కకుండా ఏం పొరపాటు జరిగిందో మామూలు మాటల్లో ఎలా చెప్పాలి, ఒక్కొక్కటీ నాచేతే రాయించారు. ఎక్కడా తొందరపెట్టలేదు. ఆఫీసులో అలా ఒక్కో ట్యాగు చేరుతూ పోయింది. పేరు తీసుకునేది, ఫోటో పెట్టేది, పట్టికలు చూపేది, తెలుగులోనూ ఉర్దూలోనూ అక్షరాలు సరిగ్గా వచ్చేలా చూసేది. కొత్త అప్లికేషన్ వస్తే సగం పని ముందే అయిపోయి ఉండేది.

వాటిలో చిరునామా ట్యాగు సంగతి చెప్పకుండా ఉండలేను. మాది వేములఘాట్. మల్లన్నసాగర్ నీళ్ల కింద మా ఊరు పోయాక అందరం సర్కారు కట్టించిన కాలనీకి వచ్చేశాం. ఆ కాలనీలో ఇళ్లకు నంబర్లున్నాయి, వీధులు నిటారుగా ఉన్నాయి, ఎవరి ఇల్లు ఎటువైపో చెప్పడానికి ఒక గుర్తు లేదు. ఆ రోజుల్లోనే ఒకసారి మురళీధర్ సార్ ఒక చిన్న పని చెప్పాడు. అప్లికేషన్లలో ఊరి పేరు ఎంచుకునే చోట, మునిగిపోయిన ఊళ్ల పేర్లు తీసేయాలి. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి ఆ పేర్లు ఉంటే జనం పొరపాటున ఎంచుకుంటారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను ఒక్కో పేరూ తీసేస్తూ మా ఊరి దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

మేడం ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో తెలియదు.

"ఏమైంది?"

"మా ఊరు మేడం."

ఆమె అయ్యో అనలేదు. నా భుజం మీద చెయ్యి వేయలేదు. "మీ బాపును ఊరేదని అడిగితె ఏం చెప్తడు?" అన్నారు.

"వేములఘాట్ అనే చెప్తడు మేడం. ఇంకోటి ఆయన నోట్లె రాదు."

"ఆయనకు చిట్టి పంపాలంటె యాడికి పంపాలె?"

"కాలనీకి."

"అంటె గవి రెండు సంగతులు. మనమే రెంటిని ఒక్క జాగల పెట్టినం. తప్పు మనది, ఊరిది కాదు. లే, జరుగు."

నా కుర్చీలో కూర్చుని చిరునామా ట్యాగును ఆమే తిరగరాశారు. ఉంటున్న చోటు వేరు, సొంత ఊరు వేరు. సొంత ఊరు అక్కర్లేని అప్లికేషన్లో ఆ గడి కనిపించదు. కావాలన్నవాళ్లు ఒక్క మాట చేర్చి పిలిస్తే కనిపిస్తుంది. మురళీధర్ సార్‌కు ఎలా చెప్పి ఒప్పించారో నాకు తెలియదు.

తర్వాత ఒకసారి బాపుకు మోకాళ్ల నొప్పులుంటే అదే దవాఖానకు తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి, "పెద్దయ్యా, ఇప్పుడు ఉండేది యాడ? సొంతూరేది?" అని అడిగింది. బాపు రెండో ప్రశ్నకు గొంతు పెంచి జవాబు చెప్పాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. చిట్టీ మీద ఊరి పేరు అచ్చయి వచ్చింది. చదువు రాకపోయినా ఆ అక్షరాల ఆకారం ఆయనకు తెలుసు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక, "గిది ఎవలు రాసిన్రు బిడ్డా?" అన్నాడు.

"మా మేడం."

"దండం పెట్టిన అని చెప్పు."

చెప్పాను. మేడం ముఖం ఎత్తలేదు. "దండం ఎందుకు? అది మొదటిసంది గట్లనే ఉండాలె," అన్నారు. కానీ ఆ రోజు ఆమె డబ్బాలోని ఖీమా రెండు చెంచాలు నా అన్నంలో వేశారు. అడగకుండా, ఏమీ అనకుండా.

చెడు మొదలైంది ఆ ట్యాగులు బాగా పనిచేయడం వల్లనే. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు వాటిని చూడటానికి వచ్చారు. మురళీధర్ సార్ వాళ్లను తన గదిలో కూర్చోబెట్టి, మేడంను పిలిచి ఒక్కో ట్యాగూ చేసి చూపించమన్నాడు. చూపించారు. వాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. చాయ్ వచ్చే వేళకు ఆమెను బయటికి పంపేశాడు. తలుపు మూసుకుంటుండగా ఆయన మాట నా చెవిన పడింది. "నేనే దగ్గరుండి డిజైన్ చేయించిన. ఆలోచనంత మనదే."

కొన్నాళ్లకు ఆ ట్యాగులన్నీ ఎలా వాడాలో వివరంగా ఒక పుస్తకంలా రాసిపెట్టమని మేడంకు చెప్పాడు. ఆమె ఎంత ఇష్టంగా రాశారో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఒక్కో ట్యాగుకు ఒక ఉదాహరణ, వాడేవాళ్లు ఎక్కడెక్కడ తడబడతారో ముందే ఊహించి ఒక హెచ్చరిక, పని ముగిశాక సరిచూసుకునే పద్ధతి. నన్ను కూర్చోబెట్టి చదివించేవారు. నేను ఏ వాక్యం దగ్గర ఆగినా ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవారు. "నువ్వు ఆగినవంటె వేరేటోళ్లు పడిపోతరు," అనేవారు.

ఒకరోజు కోడ్ ఫైళ్లు తెరిస్తే, ప్రతి ఫైలు మొదట్లో రాసిన మేడం పేరు లేదు. దాని చోట మురళీధర్ సార్ కంపెనీ పేరు ఉంది. నేను కంగారుగా చూపించాను. ఆమె కళ్లద్దాలు తీసి దుపట్టా కొంగుతో తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు.

"అడగండి మేడం," అన్నాను.

"అడిగి ఏం చెయ్యాలె? జీతం ఆయననే ఇస్తుండు. పేరు తీసినంత మాత్రాన పని ఆగలేదు గద." అద్దాలు పెట్టుకుని మళ్లీ టైపు చేయసాగారు. తప్పులు పడుతున్నాయి. చెరిపి మళ్లీ కొడుతున్నారు. ఆమె అలా తప్పులు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత ఇద్దరు కొత్త కుర్రాళ్లను తీసుకున్నారు. ఇద్దరూ అప్పుడే చదువు ముగించినవాళ్లు. మేడం రాసిన పుస్తకం వాళ్ల చేతికిచ్చి, ఒక కాలేజీ అప్లికేషన్ అప్పగించాడు సార్. వాళ్లు చదువుకుంటూ, ట్యాగులు పిలుచుకుంటూ పేజీల మీద పేజీలు తయారుచేసేశారు. మేడం తన చోటు నుంచి వాళ్లనే గమనిస్తున్నారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు.

"చూసినవా లావణ్యా, ఒక్కసారి గూడ నన్ను అడగలే," అన్నారు.

నేనూ నవ్వాను. తన అద్దాల గదిలోంచి మురళీధర్ సార్ కూడా అదే చూస్తున్నాడని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆమెను పిలిపించింది మధ్యాహ్నం అన్నం వేళ. పెద్దగా మాటలేమీ వినిపించలేదు. తలుపు తీసుకుని బయటికొచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చారు. కొత్త కుర్రాళ్లు కిందికి టీకి పోయారు. గదిలో మేమిద్దరమే.

"రేపటిసంది రావద్దంటుండు," అన్నారు. "ట్యాగుల పనంత ఇగ లావణ్య చూస్కుంటదట. మీరు లేకున్న నడుస్తది అని ఆమెనే చెప్పింది అంటుండు. అన్నవా?"

"అనలే మేడం. ఒట్టు మేడం. నన్ను ఆయన అడగనే లే. నాకు అసలు ఈ సంగతే తెల్వది."

ఆమె నా కళ్లలోకి చూశారు. కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు చూసే చూపు.

"సరె. అనలే అనుకుందాం. చూస్కోగలుగుతవా?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చూసుకోలేను అంటే ఆమె ఇన్నేళ్లూ నేర్పిందంతా వట్టిదవుతుంది. పైగా అది అబద్ధమని ఆమెకే బాగా తెలుసు. చూసుకోగలను అంటే ఆయన మాటకు నేను వంత పాడినట్టవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకో మాట ఏదైనా ఉందా అని ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు. ఆ నిమిషంలో నా మౌనాన్ని ఆమె జవాబుగా తీసుకున్నారు. తల ఊపి, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, దుపట్టా సర్దుకుని మెట్లు దిగిపోయారు. డబ్బా మూత తీయనే లేదు.

నేను ఆయన గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టలేదు.

"నేను ఎప్పుడన్న సార్ ఆ మాట?"

మురళీధర్ సార్ ముఖంలో తడబాటు లేదు. "కూసో లావణ్యా. అన్నవా అనలేదా, గది వదిలెయ్. చూస్కోలేవా నువ్వు? చెప్పు. ఆమె నీకు అన్ని నేర్పలేదా? నేను అబద్ధం ఏం చెప్పిన? నిన్ను పైకి తెస్తుంటె నా మీదికే వస్తవేంది?"

"చూస్కోగలుగుత సార్. కానీ చూస్కోను."

ఆయన నవ్వాడు. కోపం వచ్చి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. "నువ్వు కాకుంటె ఇంకొకలు. పుస్తకం ఉన్నది గద. ఎవలైనా చదివి చేస్కుంటరు."

ఆయన చెప్పినట్టే అయింది. నేను ఉద్యోగం మానేసినా ఆ ఆఫీసులో పని ఒక్క పూట కూడా ఆగలేదు. ఎవరికీ ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రాలేదు. మేడం అంత బాగా రాసిపెట్టారు. నా కోపం, నా రాజీనామా, దేని బరువూ ఆ గోడలకు తగల్లేదు. ఆ ట్యాగులన్నీ హైదరాబాద్ కంపెనీ చేతికి పోయాయని తర్వాత ఆ కుర్రాళ్లలో ఒకతను చెప్పాడు. వాటి మీద ఇప్పుడు ఇంకో పేరు ఉందట.

వారం తిరగకుండానే మేడం వాళ్ల ఇంటికి పోయాను. తలుపు తీసింది ఆమె వదిన. పైకి పిలిచి చెప్పింది. మేడం దిగి వచ్చారు. కూర్చోమన్నారు. వదినతో చాయ్ పెట్టమన్నారు. నేను గబగబా అంతా చెప్పేశాను. ఆయన గదిలోకి వెళ్లింది, ఆయన అన్నది, నేను అన్నది, ఉద్యోగం వదిలేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆమె చివరిదాకా విన్నారు.

"మీరు నౌకరి ఎందుకు ఇడిసిపెట్టిన్రు? మంచిగ చేస్కునేది ఉండె," అన్నారు.

మీరు. అన్నేళ్లలో ఆమె నన్ను మీరు అనలేదు. నా పని అంతా చెరిపేసిన రోజు కూడా నువ్వే.

"మేడం, నేను ఆ మాట అనలే. నమ్మున్రి."

"అన్నరో అనలేదో, దాంతోని ఇప్పుడు నాకేం అక్కర లేదు. అనకున్న గది నిజమే గద. మీరు చూస్కోగలుగుతరు. ఆ పోరగాళ్లు గూడ చూస్కోగలుగుతరు. ఎవలైనా చూస్కోగలుగుతరు. నేనే గట్ల రాసిన." గాజు గ్లాసు నా వైపు జరిపారు. "జరంత ఆగమాగం రాసి ఉంటె, ఇయ్యాల నా కుర్సి నాకుంటుండె."

ఆమె కిటికీ వైపు చూస్తూ అన్నారు: "మీకు ఒక మాట చెప్త. ఏడికి పోయినా, రాసేటప్పుడు ఒక పేచీ పెట్టుకోండ్రి. మీకు తప్ప ఎవలికి తెల్వని ముడి. అది విప్పాలంటె మిమ్మల్నే పిలవాలె. నాకు మా బాపు చెప్పలే. హైదరాబాద్‌ల ఎవలు చెప్పలే. నేను మీకు చెప్తున్న."

చాయ్ తాగి లేచాను. గుమ్మం దాకా వచ్చి, మంచిగ పోన్రి అన్నారు. ఆ మర్యాద చెంప మీద కొట్టినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆమె నన్ను నిజంగా నమ్మలేదా, లేక నమ్మి కూడా నా ముఖం చూడలేకపోయారా, నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

పోయిన ఎండాకాలం ఆమె ఒక చెప్పుల దుకాణంలో కనిపించారు. అన్న కొడుకు పెట్టిన దుకాణమట. గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు, జుట్టు బాగా తెల్లబడింది. నేను చెప్పులు కొనడానికని లోపలికి పోలేదు. ఆమెను చూసే పోయాను. గుర్తుపట్టారు, ఆ సంగతి కళ్లలోనే తెలిసింది. కానీ పనిచేసే అబ్బాయిని పిలిచి, "మేడంకు ఏ సైజు కావాలో చూడు," అన్నారు. నన్ను మేడం అన్నారు. నేను ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నానో అడగలేదు. ఇంకా ఆ పనే చేస్తున్నానా అని అడగలేదు. నేను ఒక జత కొనుక్కుని బయటికొచ్చేశాను. అవి నాకు బిగుతు. మార్చుకోవడానికి మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు నేను వేరే కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. చాలామంది వదిలేసిన పాత జావా అప్లికేషన్లను నడిపించే పని. ఈ రోజుల్లో ట్యాగులు రాయడానికి కొత్త పద్ధతులెన్నో వచ్చాయి, కానీ పాతవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి, వాటికి కొత్త ట్యాగులు అవసరం పడుతూనే ఉంటాయి. మేం చేసే పని ఇంకెవరికైనా అప్పగిస్తారన్న పుకారు తరచుగా వస్తుంది. ఆ పుకారు వచ్చినప్పుడల్లా ఆమె చెప్పిన పేచీ గుర్తుకొస్తుంది. పెట్టడం చాలా తేలిక. ఒక వివరం ఇవ్వాలని ఎక్కడా రాయకపోతే చాలు. ఒక పేరు తికమకగా పెడితే చాలు. ఎవరూ పట్టుకోలేరు. నా కడుపు నిండేది ఈ పనితోనే. ఆ కాలనీలోని ఇల్లు నడిచేది ఈ పనితోనే.

పెట్టలేదు. ఇది నా మంచితనం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. పెట్టబోతే చేతులు ఒప్పుకోవు, అంతే. తికమకగా ఒక పేరు రాసి చూస్తాను, మరుక్షణం వేళ్లు దాన్ని చెరిపి సరైన పేరు రాస్తాయి. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని ఆమె నా చేతులకు నేర్పినదాన్ని, ఒక మధ్యాహ్నం చాయ్ ఇచ్చి చెప్పిన మాటతో వెనక్కి తీసుకోలేకపోయారు. అందుకు ఆమెకు కృతజ్ఞత చెప్పాలో, ఆమె మీద కోపగించుకోవాలో నాకు తేలడం లేదు. ఒక్కో ట్యాగు శుభ్రంగా పూర్తయిన ప్రతిసారీ నా కుర్చీని నేనే కొంచెం వెనక్కి, తలుపు వైపుకు జరుపుకున్నట్టుంటుంది. జరుపుతూనే ఉన్నాను.